తెల్ల పళ్లెం

గురువారం. గాలి వాయవ్యం నుంచి, లెక్కలోకి రానంత.
జినోవీ పడవలో నాకో మూల.
సీసాలు తొమ్మిది, మంచుపెట్టె ఒకటి,
ముడులేసిన తాడుకి వేలాడే తెల్ల పళ్లెం ఒకటి,
అన్నం పెట్టుకునేంతది, అంతే.
దాన్ని సరస్సులోకి దించుతాను.
కనిపించినంత మేరా కళ్లప్పగించి చూస్తాను.
కనిపించకుండా పోయిన చోట తాడు బిగబట్టి
ముడులు లెక్కపెడతాను.
ఇరవై రెండేళ్లుగా నా ఉద్యోగం ఇదే:
ఒక పళ్లెం ఎక్కడ మాయమవుతుందో రాయడం.

మొదటి ఏడు రెండు మీటర్ల నలభై.
ఎండ ముదిరిన ఆ జూలైలో అరవై సెంటీమీటర్లు.
నీళ్లు కావవి, బఠాణీ చారు.
రేవులో తాగిన కుక్క రాత్రికి చచ్చిపోయింది.
అగాఫియా గారి కుక్క, పేరు బుబ్లిక్.
ఫారంలో కుక్కకి గడి లేదు.
"ఇతర వివరాలు" దగ్గర ఇరికించి రాశాను.

ఆ వారమే స్నెతోక్ తేలింది.
వేలెడంత చేప. అరచేతిలోకి తీసుకుంటే
అప్పుడే కోసిన దోసకాయ వాసన.
ఒడ్డు పొడవునా దోసకాయ వాసన,
మర్నాటికి వేరే వాసన.
ఉల్లి మళ్లలో ఆడవాళ్లు
ముక్కులకి రుమాళ్లు కట్టుకుని పారలతో ఎత్తి
ఆ మళ్లకే ఎరువేశారు.
ఆ ఏడు ఉల్లిగడ్డలు పిడికిలంత ఊరాయి.
ఎవరూ ఆ మాట పైకి అనలేదు.

ఈ రేవులో చేపలు "లేవు" అనకూడదు, అపశకునం.
జినోవీ వాళ్ల నాన్న గడ్డం నిమురుకుంటూ
"నిండుకున్నాయి" అనేవాడట.
ఖాళీ వల ఆరేస్తూ ఎవరైనా ఆ మాటంటే
నాకు పిండి డబ్బా అడుగు గీకిన చప్పుడు వినిపిస్తుంది.

ఇప్పుడు ఇంకో సంగతి.
మూడేళ్లుగా పళ్లెం దిగుతూనే ఉంది.
రెండున్నర. మూడు. పోయిన గురువారం మూడూ డెబ్బై.
ఆఫీసులో కేకు కోశారు.
పెద్దాఫీసరు నా చెయ్యి రెండు చేతులా పట్టుకుని ఊపాడు.
కారణం నాకు తెలుసు:
గోరంత గుల్లలు, చారల గుల్లలు,
ఏ పడవ అడుగునో పట్టుకుని వచ్చి
రాతికీ గొట్టానికీ ఒకదాని వీపున ఒకటీ అంటుకుని
రాత్రింబవళ్లు సరస్సుని వడకడుతున్నాయి.
పసరొక్కటే కాదు,
చేపపిల్ల నోట్లో పడాల్సిన మెతుకు కూడా.

"నీ నీళ్లు అద్దంలా ఉన్నాయి" అన్నాడు జినోవీ,
తిట్టినట్టు.
"నా వల నాకే కనిపిస్తోంది. సుడాక్‌కి కనిపించదా?"
అది మసకలో వేటాడే చేప, మసకలోనే చిక్కేది.
అందుకని రాత్రి రెండింటికి బయల్దేరతాడు,
వెన్నెల లేని రోజు చూసుకుని.
అరవై ఎనిమిదేళ్ల మనిషి, దొంగలా,
తన సరస్సులోకి తను.

"మంచివా చెడ్డవా ఈ నీళ్లు? ఒక్క మాట చెప్పు ఫెవ్రోనియా,
చదువుకున్నదానివి."
నేను నీళ్లు నమిలాను.
నమలడానికి అందులో ఏమీ లేదు.

ఇవాళ పళ్లెం మాయం కాలేదు.
నాలుగు మీటర్ల దగ్గర టక్కుమని అడుగు తగిలింది.
గుల్లల మీద కూర్చుంది తెల్లగా,
ఎవరికో వడ్డించబోయి మరిచిపోయినట్టు.
ఒక బుడత చేప వచ్చి, చుట్టూ తిరిగి, వెళ్లిపోయింది.
జినోవీ టోపీ తీసి అంచు మీదికి వంగాడు.
యాభై ఏళ్లు ఈ నీళ్ల మీద తిరిగి
అడుగు చూడటం ఇదే మొదలు.
పళ్లేనికి పక్కన రబ్బరు బూటు ఒకటి.
చాలాసేపు చూశాడు.
"ఎడమది" అన్నాడు. "నాది పోయింది కుడిది."

"అడుగు కనబడింది" అని రాశాను.
పక్క గడి: మత్స్య పరిస్థితి.
నిండుకున్నాయి అని రాయబోయాను.
ఆఫీసులో నిజంగానే నిండాయనుకుంటారు.
పెన్సిలు నాలిక మీద తడుపుకుంటూ కూర్చున్నాను.
జినోవీ ఇంజను తాడు లాగాడు.
అంటుకోలేదు.
మళ్లీ లాగాడు.