చేప మూతి ముందటికి

పస్రా అవతల రాళ్ల బాటల
మూడోసారి జారింది చైను.
మడ్‌గార్డు లేపి ముళ్ల టైర్లేసిన పాత బండి,
పెట్టెల పదకొండు నెత్తుటి స్లయిడ్లు.
ఎవరి జ్వరం ఏ గాజు మీదుందో
గవి దవాఖానకు చేరితెనే ఎరుక.

ములుగు రోడ్డుల మొగిలన్న
వెనక స్ప్రాకెట్ పండ్లను బొటనవేలుతో తడిమిండు.
"కొడవలి కొసలైనయి గద తమ్మీ,
కొత్త చైనేస్తే దాన్ని గూడ కొరికి పారేస్తయి.
సెట్టు మొత్తం మార్చాలె."
సెట్టు పద్దెనిమిది వందల యాభై.
నా జేబుల పదమూడు వందలు,
అండ్ల మూడు వందలు పెట్రోలువి.

ముందరి చిన్నదాన్ని ఊడదీసి
కిరసనాయిల్ల కడిగి ఎండకు పట్టి చూసిండు.
ఒక దిక్కే అరిగింది.
మర్లేసి బిగించిండు.
ఇన్నొద్దులు పని ఎరుగని చెంప
ఇగ నా బరువు గుంజాలె.

వెనకది మండిబజార్ల తుక్కు కుప్పల దొరికింది,
యాక్సిడెంటైన బండిదట.
పండ్లు ఇంకా లేతగనే ఉన్నయి.
ఆ బండి మనిషేమైండో
ఇద్దరం అడుగలే.

చైను మాత్రం కొత్తది.
నూనె కాగితం ఇప్పి, గోరంత క్లిప్పు
నా అరచేతుల పెట్టిండు. "నువ్వే ఎయ్యి.
చేప లెక్కుంటది సూడు,
మూతి ముందటికి, చీలిన తోక ఎనకకు.
ఉల్టా పెడ్తివా, అడవిల ఇడిసిపెడ్తది."

రెండు వేళ్ల వదులు. నాలుగు చుక్కల గేరాయిలు.
బాకీ నూటయాభై,
గోడ మీద సుద్దముక్కతో,
నా పేరుల ఒక అక్షరం తప్పు.

పొద్దుగూకంగ తాడ్వాయి దాటిన.
ఆర్నెల్ల సంది నాతోటి వచ్చిన కరకర లేదు.
అది లేకపోయేసరికి
మొదటిసారి ఇనిపించింది,
పెట్టెల రేపటి ఖాళీ గాజులు
ఒకదానికొకటి తగులుకునుడు.