తిన్నింటి వాసాలు

సీసా మీద ఎతెల్కా పెన్సిల్ రాత:
"లూసర్న్ చేను, మూడో గట్టు, వాన వెలిసిన మర్నాడు."
సంవత్సరం చెరిగిపోయింది.
ఒకప్పటి ఆప్రికాట్ జామ్ సీసా, మూత అంచున ఇంకా పసుపు.
తీసా నది పక్కన సమష్టి క్షేత్రాలున్న రోజుల్లో
రబ్బరు బూట్లతో బురదలోకి దిగి
గులాబీ బుడిపెలున్న వేరు చుట్టూ మట్టిని
వంటింటి చెంచాతో ఎత్తిందట.

ఆ మట్టిలోని బాక్టీరియా
మైనం పూసిన గాజు గొట్టంలో నా వంతుకొచ్చింది.
దాని కడుపులో ఒకడున్నాడు,
ఇల్లరికం వచ్చినవాడు.

వచ్చిన రోజున తోక గోడకానించి
తన పొడుగు దారమంతా లోపలికి జార్చి
ఒంటిని బయటే విడిచాడు, గుమ్మం ముందు చెప్పుల్లా.
దిగిన చోటు మాత్రం చూడండి:
ప్రోలీన్ మోసే కూలీ జన్యువు, దాని కొస.
అక్కడ కోస్తే ఇల్లు కూలాలి.
కూలలేదు.
తెగినంత ముక్కా వాడే వెంట తెచ్చుకున్నాడు,
పొల్లు పోకుండా అతికించాడు.
కన్నం వేసిన దొంగ ఎక్కడైనా పూడ్చి పోతాడా?
"దొంగ కాదమ్మాయీ, మేస్త్రీ," అంది ఎతెల్కా.

ఇక మౌనం.
ఒక్క జన్యువు మాత్రం మేలుకుని
కాపలావాళ్ళను పోస్తూ ఉంటుంది,
మిగతా డెబ్బైమంది నోళ్ళూ నొక్కిపెడుతుంది.
సొంత తమ్ముడే వచ్చి తలుపు తోసినా
లోపలికి రాగలడు, నోరు విప్పలేడు.
ఇల్లు రెండైతే వాడూ ఇద్దరు.

మాకు వాడు కనబడేది మచ్చల్లోనే.
పళ్ళెం నిండా బాక్టీరియా మీగడ కట్టాక
అక్కడక్కడా గుండ్రటి చిల్లులు,
చిల్లు నడుమ పొగమంచు:
వాణ్ణి కడుపులో పెట్టుకుని బతికిపోయినవాళ్ళు.

ఇరవై ఆరేళ్ళు ఆ మచ్చలు లెక్కపెట్టింది ఎతెల్కా.
రెండు రకాలవాళ్ళను ఒకే కణంలోకి తోలి
పిల్లల్లో ఎందరికి ఇద్దరి పోలికా వచ్చిందో చూసి
ఆ శాతాన్నే దూరంగా కొలిచి
గోధుమరంగు కాగితం మీద ఒక గీత గీసింది.
గీత మీద పదమూడు పేర్లు,
ఎవరూ నడవని దారికి మైలురాళ్ళు.

నిరుడు యంత్రం వాడి అక్షరాలన్నీ చదివేసింది.
గీత తప్పలేదు.
రెండు పేర్లు తారుమారు, అంతే.
ఫోన్ చేసి చెప్పాను.
అటువైపు చాలాసేపు కెటిల్ చప్పుడు.
"ఏ రెండు?"
చెప్పాను.
"ఆ వారం మా ఆయన ఆసుపత్రిలో ఉన్నాడు."

మొన్న గెర్గో ఊదా దీపం ఆర్పడం మరిచాడు.
పదిహేను సెకన్లనుకున్నది నిమిషం దాటింది.
దూలం పగిలే చప్పుడు ముందెవరికి వినబడుతుంది?
వాసాలు లెక్కపెట్టుకుని ఉన్నవాడికే.
కాపలా తెగింది.
డెబ్బైమందీ ఒక్కసారిగా మాట్లాడారు.
తెల్లారేసరికి మసక ద్రవం
కడిగిన గాజులా తేటపడింది.

వాళ్ళు ఇల్లు కూల్చి పోయారు. కాదనను.
లక్షల్లో ఏ ఒక్కడో
ఆ తొందరలో తనది కాని వాసాన్ని కూడా
సామానుతో కలిపి ఎత్తుకుపోయాడు.
సిస్టీన్ వండుకోవడం చేతకాని కణాల మీద
ఆ తేట నీళ్ళు చల్లాను.
గెర్గో మొహం చూడలేక
అది నా ఆలోచనే అన్నట్టు చల్లాను.

నాలుగో రోజు
ఉప్పులు తప్ప ఏమీ లేని పళ్ళెంలో,
అన్నీ ఆకలితో మాడాల్సిన చోట,
గసగసాల గింజంత తెలుపు. ఒక్కటి.
ఎవరింటి వాసమో
ఎవరి కప్పునో మోస్తోంది.

చుట్టూ సిరాతో సున్నా చుట్టాను.
తేదీ వేశాను.
సంవత్సరం రెండుసార్లు రాశాను.