గడియ

దబీర్‌పుర గల్లీల పాత దేవ్డీ కూల్చుతుంటే
అటక మీద, దూది పోయిన పరుపుల నడుమ దొరికిందట.
తాత పేరు మీదున్న లైసెన్సు తన పేరుకు మార్చనీకె
కమిషనరాఫీసు చుట్టు ఏడాది తిరిగి
ఆఖరుకు ఆటోల, గోనెపట్టాల చుట్టి
నా దుకాణానికి తెచ్చిండు ముస్తజాబ్.
"నడుస్తదా ఉస్తాద్?"
నడవనీకె అదేమన్న సైకిలా.

నేను ముందుగాల వాసన చూస్త.
తుప్పుది ఒక వాసన, ఎండిన గ్రీజుది ఒకటి.
దీనికి నాఫ్తలీన్ గోలీల వాసన, దాచిన షేర్వాణి లెక్క.
గొట్టంల కందిరీగ మట్టిగూడు.
కిరసనాయిలు పోసి రాత్రంత నిలబెట్టి
పొద్దున ఇత్తడి బ్రష్షు తోస్తే
ఎర్రమట్టి, ఒక రెక్క ముక్క, వాటెనుక వెలుతురు.
మూసీ దిక్కు ఆకాశానికి పట్టి చూసిన.
లోపలి మెలికలు బతికే ఉన్నయి,
బావిల నీళ్లు సుడి తిరిగినట్టు
మెల్లగ తిరుక్కుంట పోయినయి.

కని గడియ లేదు.
అది ఉండే జాగ ఒట్టిగ, పన్ను ఊడిన చిగురోలె.
గడియ లేని రైఫిలు
కట్టెకు ఎక్కువ, తుపాకికి తక్కువ.

"చిన్నతాత వాటాకు పోయింది" అన్నడు.
అన్నదమ్ములు పంచుకున్నరట,
ఒకరికి గొట్టం, ఒకరికి గడియ,
ఇద్దరిల ఎవ్వరూ ఇగ పేల్చకుంట.
ఎందుకని అడిగితే
చాయ్ మీద మీగడ కట్టేదాక సాసర్ దిక్కే చూసిండు.

ప్రాగా టూల్స్‌ల ముప్పయ్యేండ్లు ఇనుము కోసినోన్ని,
అక్రోటు కట్టె కాడికొస్తే నా చెయ్యి మెత్తబడతది.
తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె ఆనిస్తే సుయ్‌మంటది,
నొక్కుకుపోయిన చోటు మూకుట్ల పూరీ లెక్క లేస్తది.
అరవై ఏండ్ల కిందటి దెబ్బ,
బండకు తగిలిందో జీపుకు తగిలిందో,
లేచి సాపైంది.
చెంప ఆనేకాడ మాత్రం గీతలు, కత్తితోటి కోసినయి.
పదకొండు నిలువు.
పన్నెండోది అడ్డం.
మూడుసార్లు ఆవిరి పట్టిన.
నొక్కు లేస్తది. కోత లేవదు.
"సాండ్‌పేపర్ కొట్టున్రి" అన్నడు ముస్తజాబ్.
నేను అవిసెనూనె పట్టిచ్చిన,
గీతలు ఇంకింత నల్లగైనయి.

ఆసిఫ్‌నగర్‌ల చిన్నతాత బిడ్డ, నజ్మున్నిసా.
కుట్టుమిషను, పిట్టగోడ మీద పుదీన డబ్బాలు.
"తుపాకి సామాన్లేవీ లేవు బాబూ" అన్నది.
నీళ్లు తాగి బయటికొచ్చినం.
మా ఎనుక తలుపు పడ్డది.
ఖట్.
ఆ చప్పుడు నాకెరుకే. మర్లి తలుపు కొట్టిన.

లోపలి దిక్కు, రెండు ఇనుప కొక్కేల నడుమ
తలుపుకు గడియై ఉన్నది.
పిడి గుండు చేతి రాపిడికి అద్దమైంది.
కింద నంబరు, నాలుగొందల పదిహేడు.
గొట్టం మీదా అదే.

ఆమె చానసేపు మాట్లాడలే.
"పన్నెండోది జంతువు కాదు" అన్నది,
"హాకాల డబ్బా కొట్టుకుంట ముందు నడిచిన పిలగాడు, అమ్రాబాద్ దిక్కు.
పేరు తెలుసుకోనీకె అబ్బా రెండుసార్లు పోయిండు.
ఎవ్వరూ చెప్పలే."
ముస్తజాబ్ చెప్పులు ఏసుకునేది మర్చి గడప మీదనే నిలబడ్డడు.
"తీస్కపోండి. కని రాత్రికి తలుపుకేం పెట్టుకోవాలె?"
ఆ రాత్రికి మిషను బల్ల అడ్డం పెట్టిచ్చి వచ్చిన.

దుకాణంల ఒక్కసారే ఎక్కిచ్చి చూసిన.
తోసి, కిందికి మలిపితే
ఇంటికొచ్చిన మనిషి లెక్క కూసున్నది.
మల్ల తీసిన.
రైఫిలు ఒక మూటల, గడియ ఇంకో మూటల కట్టి
ముస్తజాబ్‌కు ఇచ్చిన. రెండు ఎందుకని అడగలే.

జుమ్మా నాడు పోయి
ఇత్తడి కడ్డీ తరిమెన పట్టి చేసిన గడియ
నజ్మున్నిసా తలుపుకు బిగిచ్చిన.
రెండుసార్లు ఏసి తీసింది.
"చప్పుడే లేదు" అన్నది.
"నూనె ఎక్కువైనట్టున్నది, నాలుగొద్దులైతే తగ్గుతది" అన్న.
ఆమె ఇంకోసారి ఏసి
చెవి ఆనిచ్చి నిలబడ్డది.