మిగతా ముప్పై ఎనిమిది

టంగుటూరు పొగాకు వేలంలో
ఇరవై ఆరేళ్లు ధర పాడిన గొంతు మాలకొండయ్యది.
బేలుకూ బేలుకూ మధ్య నాలుగడుగులు,
ఆ నాలుగడుగుల్లో ఎనిమిది అంకెలు,
ఊపిరి తీసుకునే చోటు ఆయనకొక్కడికే తెలుసు.
తలలో నెత్తురు గడ్డ ఒకటి అడ్డం పడ్డాక
నోట్లో మిగిలింది ఒక్కటే: "బ... బ..."

ఒంగోలు కాలేజీ నుంచి నేను టోపీ తీసుకెళ్తాను,
మంగళవారం, శుక్రవారం, పొద్దుటి ప్యాసింజర్లో.
పదహారు తీగల టోపీ.
పాయలు తీసి ఒక్కో బిళ్ల కింద చల్లటి జిగురు పెడుతుంటే
తలంటుకి కూర్చున్న పిల్లాడిలా కళ్లు మూసుకుంటాడు.

యంత్రానికి తెలిసిన మాటలు ఆరు.
నీళ్లు. నొప్పి. అవును. కాదు. ఫ్యాను. పెంచలమ్మ.
ఆరోది మా సారు పట్టికలో లేదు, నేను చేర్చాను.
"పలకొద్దు పెదనాన్నా, పలకాలనుకో చాలు."
తెర మీద గీతలు లేస్తాయి,
కొత్తపట్నం సముద్రం దూరం నుంచి ఎట్టుంటుందో అట్టా,
కదులుతానే ఉంటుంది, ఏమీ చెప్పదు.

"నీళ్లు. అరవై రెండు శాతం" అని చదివాను.
పెంచలమ్మ గ్లాసు తెచ్చింది.
తాగించి, మూతి తుడిచి, నింపాదిగా అడిగింది:
"మిగతా ముప్పై ఎనిమిదీ ఏందమ్మా?"

మా పుస్తకాల్లో దానికి పేరుంది. రొద.
రెప్ప కదిలితే రొద, పళ్లు నూరితే రొద,
పక్కింట్లో మోటారు వేస్తే రొద.
వడకట్టి పారబోస్తాం.
ఆమెకు ఆ మాట చెప్పలేకపోయాను.

ఆ శుక్రవారం అంకెలు చేర్చాను, సున్నా నుంచి తొమ్మిది.
సంబరపడతాడనుకున్నా. పాట పాడినాయన కదా.
ఒకటి.
ఒకటి.
రెండు.
మళ్లీ. ఒకటి, ఒకటి, రెండు.
పద్నాలుగుసార్లు. శాతం తొంభై దాటింది,
మా ల్యాబులో ఎవరికీ రాని తొంభై.
చప్పట్లు కొట్టబోయాను.

పెంచలమ్మ చేతిలో చేట ఆగింది.
"నూట పన్నెండు" అంది, నాతో కాదు.
"ఆ బేలు నువ్వు కొన్నావా ఏంది?
ఆపైన ఏ కంపెనీవోడూ చెయ్యెత్తలా.
నువ్వు పాడేవాడివి. అంతే."
కాసేపటికి, "ఆ ఏడు జరుగుమల్లి నుంచొచ్చిన రైతు..." అని
నా వైపు చూసి ఆపేసింది.
ఆయన కళ్లు తెరవలేదు.

"ఇది మీ కాలేజీలో చూపిస్తావా?"
చూపిస్తే నాకు పట్టా వస్తుంది.
"తుడిచెయ్యి తల్లీ. మిషను తప్పు చెప్పిందని రాసుకో."

రిజిస్టరులో తారీఖు వేసి ఎదురుగా రాశాను: రొద.
ఇన్నాళ్లూ ఆ గడిలో అదే మాట రాసిన పేజీలు
ఎన్నున్నాయో వెనక్కి తిప్పి చూడలేదు.

వేణ్ణీళ్లు కాచి ఆమె ఆయన తల కడిగింది.
జిగురు తేలిగ్గా పోదు, కుంకుడు రసం రెండుసార్లు పొయ్యాలి.
కళ్లల్లో పడకుండా నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టింది.
ఆ చేతి కింద ఆయన పెదవులు కదులుతున్నాయి.
అటు చూడకుండా ఉండటానికి
తీగలు చుడుతూ లెక్కపెట్టుకున్నాను,
పదహారు.