గరుకు చెక్క

బహ్లా దాటినంక ఖర్జూర తోట.
మందు కొట్టే డ్యూటీ నాది:
మూతికి గుడ్డ, ఈపుకు డబ్బా.
రాత్రి అన్నం కలిపితే ఏళ్లకు మందు కంపు.

ముసలి అర్బాబ్ సాలిం ఓనాడన్నడు:
"గబ్బిలాలను పిలుద్దాం,
పురుగు సంగతి అవే చూసుకుంటయ్."
నవ్విన. ఇంట్ల దూరితే చీపురుతో తరిమినోన్ని.

గుల్జమాన్ ఇడిచిపోయిన మంచం పలకలు కోసి
పెట్టె చేసిన.
రందా పట్టలే, రంగు ఎయ్యలే,
గోళ్లకు పట్టు దొరకాలె గదా.
బొటనేలు పట్టేంత సందు, అడుగు తెరిచే ఉంచిన.
నీళ్ల తొట్టి పక్క గుంజకు, రెండాళ్ల ఎత్తుల,
పొద్దు పొడిసే దిక్కు మొఖం పెట్టి బిగించిన.
ఫ్లడ్ లైట్ ఆర్పేసిన.

రంజాన్ పోయింది, బక్రీద్ పోయింది.
పెట్టెల ఒక్క బల్లి కాపురం.
"నీ సుట్టాలు ఇంకా రాలేదా?"
రూమోల్లు రోజూ ఎక్కిరించుడే.

ఓ తెల్లారి గుంజ కింద నల్లటి ఆవగింజలు.
ఏలితో నలిపి చూసిన:
పొడి పొడి, నడుమ పురుగు రెక్కల మెరుపు.

ఆ మాపటేళ లెక్కవెట్టిన. పదకొండు.
పన్నెండోది
తొట్టి నీళ్లను గీరి, తాగి, లేసింది.

ఇయ్యాల డబ్బా ఎత్తలే.
పప్పన్నం కలిపిన.
చేతికి పప్పు వాసనే.