నవ్వుల ఫైలు

నయీంనగర్ల, జిరాక్స్ సెంటర్ మీది రూముల
మేం ఐదుగురం ఒక సీరియల్ తీసినం.
ఐదుగురు దోస్తులు, ఒకటే రూము,
నౌకర్లు లేవు, ప్రేమలు ఉన్నయి.
కథ కోసం మెట్లు దిగే పని కూడా లేకుండె.

కెమెరా మొగిలిది.
మొగిలిది కాదు, మొగిలి పనిచేసే పెళ్లిళ్ల స్టూడియోది.
ముహూర్తాలు లేని రోజులే మాకు షూటింగు.
ఊరంతా మూఢం ఎప్పుడు పోతదా అని చూస్తే
ఎప్పుడొస్తదా అని మేం క్యాలెండర్ తిరగేసేటోళ్లం.

సారంగపాణి హీరో.
గ్రూప్-ఫోర్ పుస్తకం ఎడమ చేతిల, ప్రేమలేఖ కుడిచేతిల.
నస్రీన్‌వి రెండు వేషాలు: ఇంటి ఓనరు, ఓనరు ఆడిబిడ్డ.
చున్నీ మారిస్తే గొంతే మారిపోయేది.
నేను రాసేటోన్ని,
పోయినేడు ఫెయిలైన ప్రశ్నపత్రాల వెనుక.

కేబులాయన మొదటి ఎపిసోడ్ చూసి
"నవ్వు లేదేందిర?
జోకు ఎక్కడున్నదో జనానికి ఎట్ల తెలుస్తది?" అన్నడు.

నవ్వు కొనే పైసలు మా దగ్గర లేవు.

ఒకనాటి రాత్రి కరెంటు పోయింది.
సారంగం చీకట్ల చాయ్ అనుకొని
గ్లాసెడు పచ్చిపులుసు తాగిండు.
సుకన్య నవ్వింది.
మొగిలి మైకు బందు చేయలే.
ముందు ముక్కుతోని, తర్వాత గొంతుతోని,
ఇంక ఊపిరాడక అరచేత్తో గోడను కొట్టుకుంట,
ఆఖర్న ఒకే ఒక్క ఎక్కిలి.
పదకొండు సెకన్లు.
ఫైలుకు 'నవ్వు ఒకటి' అని పేరు పెట్టినం.
రెండోది ఎన్నడూ తీయలే.

నా ప్రతి జోకు వెనుక
నేనే దాన్ని అతికించేటోన్ని.
జోకు పేలదనుకుంటే రెండుసార్లు.
బుధవారం ఎనిమిదిన్నరకు
కాజీపేట రైల్వే క్వార్టర్ల నుంచి కరీమాబాద్ గల్లీల దాకా
ఇంటింటికి సుకన్య నవ్వేది,
నేను రాసిన మాటలకు.
ఎదురుంగ కూసొని చదివి వినిపిస్తే మాత్రం
"ఇది జోకా?" అనేది.

తొమ్మిదో ఎపిసోడ్ల
హీరో మనసుల మాట చెప్పాలె.
పద్నాలుగు సార్లు కొట్టేసి రాసిన.
అది నా మాటేనని మొగిలికి తెలుసు,
నస్రీన్‌కు తెలుసు, కింద జిరాక్స్ ఆయనకు తెలుసు.
సారంగం ఆ మాటను
గోదావరి ఉపనదులు అప్పజెప్పినట్టు చెప్పిండు.
థర్మకోల్ అట్ట పట్టుకొని
వాని మొకం మీదికి వెలుతురు మళ్లించే సుకన్య
విన్నది.
వెలుతురు కొంచెం జరిగింది.
"రీటేకు" అన్నడు మొగిలి.
వద్దన్న నేను. అట్లనే ఉంచుమన్న.

పదమూడుకు సీరియల్ ఆగింది.
ఆ అరగంట చీరల షాపోళ్లు కొనుక్కున్నరు.

సారంగం ఇప్పుడు ఏటూరునాగారం అవతల పంచాయతీ కార్యదర్శి.
నస్రీన్ మంథనిల సైన్సు టీచరు,
పిల్లలకు రెండు గొంతులతోని పాఠం చెప్తదట.
స్టూడియో మొగిలిదే అయింది,
మూఢం వస్తే మొకం మాడ్చుకుంటడు.
సుకన్య గోదావరిఖని దవాఖానల, ల్యాబు.
నేను అదే కేబులాయన దగ్గర
టీవీ అడుగున ఉరికే అక్షరాలు రాస్తున్న:
ట్యూషన్లు చెప్పబడును. బర్రె తప్పిపోయినది.

మొన్న శుక్రవారం, చెల్లె పెళ్లి వీడియో మాట్లాడనీకి
సుకన్య స్టూడియోకు వచ్చింది. నేను ఆడనే ఉన్న.
పాత హార్డ్‌డిస్కుల ఏదో దేవులాడుకుంట
మొగిలి తప్పు ఫైలు నొక్కిండు.
(తప్పే అంటడు ఇప్పటికీ.)

"ఎవరిదిరా ఆ నవ్వు, పిచ్చిదాని లెక్క?" అన్నది.
మొగిలి కరెంటు బిల్లు చదువుడు మొదలుపెట్టిండు.
నేను నా చెప్పుల దిక్కు చూసిన.
ముక్కు అయింది, గొంతు అయింది, గోడ అయింది.
ఎక్కిలి కాడ
ఆమె చెయ్యి నోటి మీదికి పోయింది.

బయట హన్మకొండ బస్సు ఒకటి హారన్ కొట్టుకుంట పోయింది.

"మళ్ల పెట్టు" అన్నది.
"జోకు కూడా పెట్టాల్నా?" అడిగిన.
"అద్దు. జోకద్దు."