జారడానికి జీతం

ఫిబ్రవరి ఎండలో దిగింది ఆ పిల్ల
ఎస్టోనియా నుంచి, మూడు రాకెట్ల సంచీతో,
ఎరుపు ఇంకా అంటని బూట్లతో.
పేరు లీస్‌బెత్. పందొమ్మిదేళ్లు.
గచ్చు కోర్టుల మీద పెరిగిన ఆట:
పరుగెత్తు, ఆగు, కొట్టు.
అక్కడ ఆగితే ఆగినట్టే.
మా రొసారియోలో ఆగడమంటే
ఇంకో రెండడుగులు పోవడం.

నేను నేలిదాను. ఈ క్లబ్బులో ఆరు కోర్టులు
ఇరవై రెండేళ్లుగా నా చీపురు కిందే ఉన్నాయి.
బేరం నా ముందే జరిగింది.
నీళ్ల పైపు చుడుతున్నట్టు నటిస్తూ
ఒక్క ముక్క పోకుండా విన్నాను.

ఎవారిస్తో వేళ్లు మడిచి చెప్పాడు:
"ఎనిమిది వారాలు. సగం డబ్బు ముందే.
నీ బహుమానాల్లో నాకు వాటా వద్దు.
సర్వీసు నేర్పను, అది నీకు వచ్చు.
మట్టి ఒక్కటే నేర్పుతాను.
మట్టి రోజులు అయిపోగానే
నన్ను మానిపించెయ్, మొహమాటపడకు."

ఆ పిల్ల మోగుతున్న ఫోను బల్ల మీద బోర్లించి
నోట్లు లెక్కపెట్టింది,
పెదవులు కదుపుతూ, తన భాషలో.
చలికాలమంతా ఎవరెవరి రాకెట్లకో
తీగెలు బిగించి కూడబెట్టిందని
తర్వాత తెలిసింది.

మొదటి వారం రాకెట్ ముట్టనివ్వలేదు.
నా చేతిలో చీపురు లాక్కుని ఆమెకిచ్చాడు.
నీళ్లు చల్లు. వల ఈడ్చు. గీతలు తుడువు.
ఎంత తడికి బంతి ఎంత బరువెక్కుతుందో
అరికాలితో కనుక్కుని చెప్పు.
నాకు జీతమే గాని పని లేదా వారం,
అంజూరపు చెట్టు కింద మాతే టీ పీలుస్తూ
ఆమె తుడుపుకి వంకలు పెట్టాను.
మూలలు వదిలేస్తుంది, నీళ్లు ఒకచోటే పోస్తుంది.
డబ్బిచ్చి మరీ నా పని చేస్తోందే అని నవ్వుకున్నాను.
శనివారానికి నా గీత కన్నా
ఆమె గీతే తెల్లగా ఉంది.
నవ్వు మానేశాను.

తర్వాత జారడం.
"కొట్టాక జారితే అది పడిపోవడం.
ముందే జారు. నీ జారుడు ఎక్కడ ఆగుతుందో
బంతి అక్కడికే రావాలి."
ఎన్నిసార్లు పడిందో!
మోకాలు, మోచెయ్యి, ఒకసారి చెంప.
లేచినప్పుడల్లా లంగా దులుపుకునేది.
మూడో వారం, మంగళవారమో బుధవారమో,
దులుపుకోకుండా లేచి బంతి అడిగింది.
"ఇప్పుడు మొదలైంది" అన్నాడు ముసలాయన,
ఆమెతో కాదు, నాతో.

ఐదో వారం మా సులేమాతో ఉత్తుత్తి మ్యాచ్.
అంపైర్ కుర్చీలో నేనే.
ఐదు అయిదు. వెనక గీత దగ్గర పడింది బంతి.
"అవుట్!" అని లీస్‌బెత్ అరిచింది,
అలవాటుగా, గట్టిగా.
గచ్చు మీద ఆ అరుపు చాలు,
బంతి వెళ్లిపోతుంది, సాక్షి ఉండడు.
ఇక్కడ మట్టి రాసి పెట్టుకుంటుంది.
వంగి చూసింది. చాలాసేపు చూసింది.
వెంట్రుకవాసి. గీతను తాకింది.
బూటు పక్కనే ఉంది, ఒక్క రుద్దు చాలు.
ఎవారిస్తో కంచె పట్టుకుని
ఎటో చూస్తున్నాడు.
ఆ పిల్ల రాకెట్ పిడితో గుర్తు చుట్టూ సున్నా చుట్టి
సులేమా వైపు చెయ్యి చూపింది.
ఆ గేమూ పోయింది, సెట్టూ పోయింది.

ఆమెకు తెలియదు.
నేను పనిలో చేరిన ఏడు, ఇదే కోర్టులో,
క్లబ్బు ఫైనల్లో,
ఎవారిస్తో బూటు ఒక గుర్తు మీదుగా నడిచింది.
కప్పు గెలిచాడు. సాయంత్రం ఆ చోటు నేను తుడిచాను.
ఈ సంగతి మేమిద్దరం ఏనాడూ మాట్లాడుకోలేదు.
ఆ పూట కూడా మాట్లాడుకోలేదు.
పైపు మాత్రం తనే చుట్టి ఇంటికి పోయాడు.

ఏప్రిల్లో వెళ్లిపోయింది.
మే నెలలో ఫోన్ చేసింది,
నాకు నోరు తిరగని జర్మనీ ఊరి నుంచి.
రెండో రౌండులో ఓడిందట, మూడు సెట్లు.
గెలుపోటములు రెండు ముక్కల్లో తేల్చేసి
పావుగంట తిట్టింది అక్కడి కోర్టుల్ని:
"నీళ్లు ఎక్కువ పోస్తున్నారు, నేలిదా.
పైగా ఎవరు తుడుస్తున్నారో గాని,
మూలలు వదిలేస్తున్నారు."